కరిగిన ఇనుము ఎటు పారింది?

“తాగి లివర్ గుంజిండు, క్రేను మీద పడ్డది. గంతే మేడమ్. దీంట్ల డిటెక్టివ్ చూసేదేముంది?”

గ్రానైట్ క్వారీ మేనేజర్ భాస్కర్ ఈ మాట అంటూ చేతిలోని హెల్మెట్‌ను జమున వైపు చాచాడు. జమున అందుకోలేదు. తన వెనుక నిలబడ్డ లాలి ముఖం చూసింది. చనిపోయిన క్రేన్ ఆపరేటర్ మంగీలాల్ లాలి భర్త. హనుమకొండలో జమున డిటెక్టివ్ ఆఫీసును వెతుక్కుంటూ వచ్చి, “మా ఆయన తప్పుంటే ఉన్నదని చెప్పు, లేకుంటే లేదని చెప్పు. నడుమ మాట నాకొద్దు” అని అడిగిన మనిషి.

“తాగడని నేను చెప్ప సార్,” అంది లాలి. “పెండ్లికి తాగుతడు, పండుగకు తాగుతడు. లివర్ పట్టే దినం ముట్టడు. మీ క్వారీల ఆయన దించిన బండ మూల ఎన్నడన్న పెచ్చు లేసిందా? ముందుగాల గది చెప్పుండ్రి.”

భాస్కర్ ఫోన్ చూసుకున్నాడు.

కురవి అవతల ఉన్న ఆ క్వారీ గుంతలో క్రేను ఇంకా పడిన చోటే ఉంది. పొడవాటి ఇనుప చేయి వంకరపోయి, ఆపరేటర్ క్యాబిన్‌ను నుజ్జు చేసి ఆగింది. చేయి కొసన వేలాడాల్సిన కప్పీ నేల మీద ఉంది. ఎత్తే బండ బరువంతా ఆ కప్పీ నడుమ దూర్చిన పిన్ను మీదే పడుతుంది. మణికట్టంత మందమున్న గుండ్రటి ఇనుప కడ్డీ అది. అదే విరిగింది. బరువు ఒక్కసారిగా ఊడిపోవడంతో ఎగిరిన చేయి, వెనక్కి తిరిగి మంగీలాల్ కూర్చున్న చోట పడింది.

“కప్పీల ఇరుక్కున్న సగం పోలీసులు తీస్కపోయిండ్రు. రెండో సగమేది?” అని అడిగింది జమున.

“ఎటెగిరిందో. దొరకలే.”

“ఎక్కడెక్కడ వెతికిండ్రు?”

భాస్కర్ గుంత మొత్తం కలిసొచ్చేలా చేయి తిప్పాడు. జమున అతన్ని వదిలేసి, బండలకు తాళ్ళు కట్టే రాంజీని పిలిచింది.

“రాంజీ అన్నా, పిన్ను ఇరిగినప్పుడు ఏం సప్పుడు ఇనబడ్డది?”

“తుపాకి పేలినట్టు ఒకటి. ఎన్కనే నీళ్ళల్ల బుడుంగుమన్నది.”

“ఏ నీళ్ళు?”

రాళ్ళు కోసే మిషన్ల నుంచి బురద నీళ్ళు వచ్చి చేరే గుంటను రాంజీ చూపించాడు. “అండ్ల ఏముంటది, బురద తప్ప,” అన్నాడు భాస్కర్. అప్పటికే జమున తన కారులోంచి తాడు కట్టిన పెద్ద అయస్కాంతం తెస్తోంది. లాలి చేతికి ఫోనిచ్చి, వీడియో ఆపవద్దని చెప్పింది. కొన్ని విసుర్లు ఖాళీగా వచ్చాయి. తర్వాత తాడు బిగిసింది.

బురద కడిగాక ఇనుప ముక్క బయటపడింది. విరిగిన ముఖంలో ఒక పక్క గోధుమరంగు మచ్చ, మిగతాదంతా కొత్తగా మెరుస్తోంది. అంటే ఆ పక్కన చాలా రోజుల కిందటే పగులు మొదలైంది. పిన్ను ఒంటి మీద సన్నని గీతలు మరచుట్టులా తిరిగాయి. చివరన అద్దినట్టు ఒక అక్షరం: ష.

“చూసిండ్రా! గది జనగామ లేజర్ షాపు పని,” అన్నాడు భాస్కర్ గబగబా. “అరిగిన పిన్నులకు లేజర్‌తోని పైపొర పోస్తదట ఆ షారోన్. నాకు అప్పుడే అనుమానముండె.”

“ఇప్పటిదాక తాగుడన్నరు. ముక్క కనబడంగనే జనగామ అంటున్నరు.”

“రెండూ కావచ్చు గద మేడమ్.”

“కావచ్చు. మీ అనుమానం ఎవలికన్న చెప్పిండ్రా? పిన్ను తీయించిండ్రా?”

భాస్కర్‌కు అప్పుడే ఏదో పని గుర్తొచ్చింది. అతని జీపు గుంత దాటేదాకా రాంజీ తలెత్తలేదు. దాటాక గొంతు తగ్గించి చెప్పాడు.

“ఆ పొద్దు కప్పీ కీసుమంటుండె. మంగీలాల్ దిగొచ్చి భాస్కర్ సార్‌కు చూపిచ్చిండు. లారీ నిలవడ్డది, లేపు అన్నడు సార్. మంగీలాల్ ఎదురు చెప్పలే. మమ్మల్నందర్ని గుంతల కెల్లి ఎల్లగొట్టిండు. నేను పోనంటే తిట్టిండు గూడ. మేం పైకెక్కినంకనే లివర్ పట్టిండు.”

లాలి కొంగు సరిచేసుకుంది. ఏడవలేదు. జమునది కూడా తండానే, గంగారం దిక్కు. అందుకే ఆమెతో తమ తండా భాషలోనే అంది లాలి: “ఇన్నవా అక్కా. అందర్ని పంపిచ్చి కూసున్నడట.”

ఆ మాటలో దుఃఖం ఎంత ఉందో గర్వం అంతకన్నా ఎక్కువుంది.

సీఐ దేవేందర్ అప్పుడు వచ్చాడు. జీపు దిగుతూనే జమున చేతిలోని ముక్కను చూశాడు.

“నా కేసుల సాక్ష్యం నీ చేతుల ఎందుకున్నది?”

“మీ కేసుల సాక్ష్యం బురదల ఉండె సార్. కడిగి ఇస్తున్న. తీసినప్పటి కెల్లి వీడియో ఉన్నది.”

వెనుకున్న కానిస్టేబుల్ దగ్గుతున్నట్టు మూతి కప్పుకున్నాడు. దేవేందర్ ముక్కను తిప్పి ఆ అక్షరం దగ్గర ఆగాడు.

“ఇంకేం కావాలె? భాస్కర్ ఫోన్‌ల చెప్పింది నిజమే, ఆ షారోన్ రిపేరు పిన్ను పెట్టి మనిషిని చంపింది. ఇయ్యాల్నే తీస్కొస్త ఆమెను.”

“తెచ్చేముందు ఈ ముక్క కెల్లి ఒక సన్న బిళ్ళ కోసి లోపల చూద్దాం.”

“ల్యాబు చూసుకుంటది. నెల పట్టని, రెండు నెలలు పట్టని.”

“అప్పటిదాక ఆమె లోపలుంటది. తప్పు ఆమెది కాకుంటే, చేసినోడు బయటుంటడు.”

“ముందుగాల నువ్వు లాలి మనిషివో, షారోన్ మనిషివో చెప్పు.”

“ఏడేండ్లు ల్యాబుల ఇరిగిన ఇనుమే చూసిన సార్. ఎవరి మనిషిని గాను. మీ కండ్ల ముందర, మీరే వీడియో తీస్తుంటే కోస్త. తప్పు షారోన్‌దే అని తేలితే ఈ కేసు ఇడిసిపెట్టి పోత.”

ఓడిపోయే అవకాశం తనకు లేదనుకున్నాడు దేవేందర్. “నడువు జనగామ,” అన్నాడు.

*

జనగామ పారిశ్రామికవాడలో షారోన్ షెడ్డు చిన్నదే. మధ్యలో అద్దాల గది, అందులో లేజర్ మిషన్. ముప్పై అయిదేళ్ళ మనిషి, నీలం రంగు ఆప్రాన్ మీద ఎక్కడా మరక లేదు. పోలీసుల్ని చూసి పనివాళ్ళను బయటికి పంపింది కానీ తను కూర్చోలేదు.

“తప్పయిందని రాసియ్యి,” అన్నాడు దేవేందర్ ఆమె ఫోన్ తీసుకుంటూ. “నిర్లక్ష్యం కేసుతోని పోతది, బెయిల్ దొరుకుతది. సతాయిస్తే వేరే సెక్షన్లున్నయి.”

“నా పనైతే ఉరి తీయుండ్రి సార్. నాది కాకుంటే ఒక్క అక్షరం గూడ రాయ.”

జమున ముక్కను బల్ల మీద పెట్టింది.

“ముద్ర నీదేనా?”

“అక్షరం నాదే.”

“మరి పిన్ను?”

“ముద్ర చూసి చెప్ప. కోసి చూపిస్తే చెప్త.”

“క్వారీకి ఎప్పుడు చేసిచ్చినవ్?”

“వానలు వెళ్ళినంక. భాస్కర్ ఒచ్చి తీస్కపోయిండు. మూడు జిల్లాలల్ల ఈ పని చేసేది నేనొక్కదాన్నే మేడమ్. ఇక్కడ చేతగాదు, హైదరాబాద్ పోవాలె అన్నోళ్ళే ఇప్పుడు లైన్ కడ్తున్నరు. నా పిన్ను ఒక్కటి వాపస్ రాలే.”

“మనిషి సచ్చినంక గూడ గింత పొగరా?” అన్నాడు దేవేందర్.

“మంగీలాల్ అన్న సచ్చిండని ఇన్నప్పటి కెల్లి నాకు కంటి మీద కునుకు లేదు సార్. కానీ దుఃఖం వేరు, ఒప్పుకునుడు వేరు.”

జమున ఆమెను పరీక్షగా చూసింది. తెలివైన నేరస్తులు ఇంతకన్నా బాగా మాట్లాడగలరని ఆమెకు తెలుసు. అందుకే మాటలు ఆపేసింది.

“కోసేది, సానబెట్టేది నేను. నువ్వు చేతులు ఎన్కకు కట్టుకోని గోడ కాడ నిలవడు. ఏ మిషన్ ముట్టద్దు.”

షారోన్ ముఖం ఎర్రబడింది. తన షెడ్డులో తను చేతులు కట్టుకుని నిలబడాలి. అయినా మాట్లాడకుండా వెళ్ళి నిలబడింది. ప్రతి పనికీ, పైపొర పోసిన అదే కడ్డీ నుంచి ఒక బిళ్ళ కోసి ఉంచుకోవడం ఆమె అలవాటు. క్వారీ పిన్ను తాలూకు బిళ్ళ ఏ అరలో ఉందో చెప్పింది. జమునే వెళ్ళి తీసుకుంది. విరిగిన పిన్ను నుంచి ఇంకో బిళ్ళ కోసింది. రెండింటినీ అద్దంలా మెరిసేదాకా సానబెట్టి, యాసిడ్‌తో తుడిచి, మైక్రోస్కోప్ కింద పెట్టింది. కానిస్టేబుల్ వీడియో తీస్తూనే ఉన్నాడు.

ముందు షారోన్ దాచిన బిళ్ళ తెర మీదికి వచ్చింది. అంచు వెంట వెడల్పాటి నెలవంకలు పక్కపక్కనే పరుచుకున్నాయి.

“గిదేంది?” అన్నాడు దేవేందర్.

చేతులు వెనుకనే ఉండటంతో షారోన్ గడ్డంతో చూపించింది. “లేజర్ తగిలిన కాడ ఇనుము కరిగి సన్న మడుగయితది సార్. పెసరగింజంత. నడిమిట్ల మస్తు వేడి, అంచుల కాడ జర తక్కువ. మంచి ఉక్కుల, వేడి తక్కువున్న అంచే మడుగు పైపొరను గట్టిగ గుంజుతది. అందుకే కరిగిన ఇనుము నడిమి కెల్లి అంచులకు పారుతది. వేడిని గూడ పక్కలకే మోస్తది. అట్ల మడుగు ఎడల్పుగ, లోతు లేకుంట గడ్డకడ్తది. మీరు చూస్తున్నది గదే.”

“అన్ని పిన్నులు గట్లనే ఉంటయా?”

“ఉక్కుల సల్ఫర్ ఎక్కువుంటే ఉల్టా అయితది. అంచుల కెల్లి నడిమికి పారి, రెండు దిక్కులది ఢీకొని కిందికి దుంకుతది. వేడి అడుక్కు పోతది. మడుగు మేకు లెక్క దిగుతది.”

జమున ఏమీ అనకుండా రెండో బిళ్ళను జరిపింది.

తెర మీద మేకులు దిగబడి ఉన్నాయి. సన్నగా, లోతుగా, ఒకదాని పక్కన ఒకటి. ప్రతి మేకు నడుమా వెంట్రుకలాంటి నల్లటి పగులు.

షారోన్ ఊపిరి వదిలింది. “నాది కాదు,” అంది. ఆ రెండు మాటలు చాలా నెమ్మదిగా, గోడలకు కూడా చెబుతున్నట్టు అంది.

దేవేందర్ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. “ఆగుండ్రి. లేత్ మీద కోసే నూనెల సల్ఫర్ ఉంటదని నాకు గూడ తెలుసు. నూనె తుడ్వకుంట లేజర్ పెడితే గిట్లనే గాదా? అప్పుడు తప్పు ఈమెదే.”

షారోన్ నోరు తెరవబోయింది. జమున చేయెత్తి ఆపింది.

“మంచి ప్రశ్న సార్. నేను గూడ గదే అడుగుదామనుకున్న.” బిళ్ళను ఇంకాస్త జరిపి, మేకుల అడుగును దాటి లోపలికి తీసుకెళ్ళింది. “ఇది లేజర్ తగలని ఇనుము. కరగనే లేదు. ఈ బూడిదరంగు చారలు చూసిండ్రా? సల్ఫర్‌ది. కడ్డీ పుట్టినప్పటి కెల్లి అండ్లనే ఉన్నది. పై నూనె గింత లోపలికి ఎట్లొస్తది?”

దేవేందర్ తెర దగ్గరికి వంగాడు.

“నట్లు, బోల్టులు జల్ది కోసేటందుకు సల్ఫర్ కలిపి చేసే అగ్గువ కడ్డీ ఇది. లేత్ మీద మెత్తగ తెగుతది. బరువు లేపే పిన్నుకు ఎవలు పెట్టరు. ఇంకోటి చూడుండ్రి. షారోన్ బిళ్ళ మీద కొత్త లోహం పొర ఉన్నది. దీని మీద లేదు. పిన్ను చర్మాన్నే లేజర్‌తోని కరిగిచ్చి గీతలు తెప్పిచ్చిండ్రు, సూడనీకి ఆమె పనిలెక్క కొట్టాలని. ఆ కరిగిచ్చుడుతోనే పగుళ్ళు పుట్టినయి.”

“మరి ముద్ర?”

ఈసారి జవాబు షారోనే చెప్పింది. “నా అక్షరం ఎవలన్న దించొచ్చు సార్. నా మడుగును దించలేరు.”

జమున కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది.

“చేతులు ఇడువు. ఇప్పుడు చెప్పు. భాస్కర్ నీ దగ్గర ఎన్ని పిన్నులు చేయించిండు?”

“రెండు. క్వారీ క్రేనుకొకటి. రెండోది మహదేవపూర్ అవుతల, సొరంగం పని కాడికి. అదీ వీళ్ళ కంపెనీదే. అక్కడ బావి తవ్వి, మనుషుల్ని బకెట్‌ల దించుతరు, లేపుతరు. ఆ బకెట్ లేపే వించ్‌కు…”

ఆమె మాట మధ్యలో ఆగిపోయింది. క్వారీకి చేసిన అసలు పిన్నును భాస్కర్ అమ్ముకుని నకిలీది పెట్టి ఉంటే, రెండోదాన్ని వదులుతాడా?

దేవేందర్ జేబులోంచి షారోన్ ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. “నంబరున్నదా?”

“ఫోర్‌మన్ కిష్టయ్యది ఉన్నది.”

మూడు తలలు ఫోన్ మీదికి వంగాయి. కిష్టయ్య ఎత్తాడు. అతని వెనుక వించ్ తిరుగుతున్న రొద.

“కిష్టయ్య కాకా, జనగామ షారోన్‌ను. బకెట్ ఏడున్నది?”

“పైకొస్తున్నది బిడ్డా. షిఫ్టు దిగింది. అందరు అండ్లనే ఉన్నరు.”

దేవేందర్ ఫోన్ వైపు అరిచాడు. “నేను సీఐని! ఆపు! వించ్ ఆపు!”

“ఆపొద్దు!”

షారోన్ గొంతుకు దేవేందర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుంది. “కాకా, నా మాట ఇను. బ్రేకు కొట్టకు. బ్రేకు కొడితే గుంజుడు పడ్తది, పిన్ను ఇరుగుతది. బకెట్ ఎంత దాక ఒచ్చింది?”

“సగం దాటింది. ఏమైంది బిడ్డా?”

“తర్వాత చెప్త. స్పీడు తగ్గియ్యి. ఒక్కపారే తగ్గియ్యకు, నిమ్మళంగ. పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు తీస్కరా. లోపటోళ్ళను కదలొద్దని చెప్పు.”

విరిగిన పిన్నులో పగులు ఎలా పాకిందో జమున కళ్ళారా చూసింది. షారోన్ చెప్పింది నిజమే: పగిలిన పిన్ను నిలకడ బరువును మోస్తుంది, కుదుపును మోయదు. కానీ ఈ నిర్ణయం తప్పితే, ఈ పొద్దు నిర్దోషిగా తేలిన మనిషి సాయంత్రానికి అంతమంది చావుకు కారణమవుతుంది. ఆ సంగతి షారోన్‌కూ తెలుసు.

వించ్ రొద సన్నగిల్లింది. కిష్టయ్య ఎవరినో గట్టిగా అదిలించాడు. తర్వాత బావి నోటి మీద ఇనుప తలుపులు మూసుకున్న చప్పుడు. వాటి మీద బకెట్ ఆనిన చప్పుడు. మనుషుల గొంతులు, ఎవరో నవ్వడం.

“దిగిండ్రు బిడ్డా. అందరు దిగిండ్రు. ఇగ చెప్పు, గింత ఆగమెందుకు జేసినవ్? ఏయ్, ఆ ఖాళీ బకెట్ జర లేపి పక్కకు పెట్టుండ్రి…”

తుపాకి పేలినట్టు ఒక శబ్దం. ఫోన్‌లో అరుపులు.

“కాకా!”

“ఉన్న బిడ్డా,” అన్నాడు కిష్టయ్య. “ఇరిగింది. ఖాళీ బకెట్‌కే ఇరిగింది. ఎవలికి ఏం గాలే.”

దేవేందర్ టోపీ తీసి, నుదురు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

“నేను చెప్పినట్టు ఆపి ఉంటే…” అన్నాడు.

“మీరు పిన్నులు చేయరు గద సార్,” అంది షారోన్. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. తన పని తనకు తెలుసన్న ధీమా ఉంది.

దేవేందర్ మహబూబాబాద్ స్టేషన్‌కు ఫోన్ కలిపాడు. “భాస్కర్‌ను పట్టుకోండ్రి. అవును, మేనేజరే. తెలిసి తెలిసి లేపిచ్చిండని సాక్షి ఉన్నడు. షారోన్ మేడమ్ మీద ఏ కేసు లేదు.” మేడమ్ అన్న మాట దగ్గర ఒక్క క్షణం తడబడ్డాడు గానీ, అన్నాడు.

జమున లాలికి ఫోన్ చేసింది. “చెల్లె, తప్పు లేదు. రవ్వంత గూడ లేదు. నడుమ మాట కాదు, గిది ఖాయం మాట.”

“నాకెర్కనే అక్కా,” అంది లాలి. “లోకానికి ఎర్క గావాలె.”

ఆ ఫోన్ పెట్టేలోపే షారోన్ ఫోన్ మోగింది. కిష్టయ్యే.

“బిడ్డా, ఒకటి మరిసిన. గిసొంటిదే ఇంకొక పిన్ను ఈడ స్పేర్ ఉండె. దాని మీద గూడ ష అచ్చరమే. పోయిన వారం భాస్కర్ సార్ మనుషులొచ్చి తీస్కపోయిండ్రు.”

“నేను మూడోది చేయనే లేదు కాకా! ఏడికి తీస్కపోయిండ్రు?”

“గంగారం దిక్కు అడవిల వంతెన కడ్తున్నరు గద, ఆడ క్రేనుకట. ఆ కాంట్రాక్టరు నీ పేరున్న పిన్ను తప్ప వేరేది ముట్టనన్నడట.”

జమున చేతిలోని బిళ్ళను బల్ల మీద పెట్టేసింది. తన ఊరి దారి అది. ఆ వంతెన కింద వాగులో దిగి పనిచేసేది తండా ఆడవాళ్ళు. కిష్టయ్య చెప్పిన కాంట్రాక్టరు నంబరుకు చేసింది. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. ఆ అడవిలో సిగ్నల్ ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. దేవేందర్ గంగారం స్టేషన్‌కు చేస్తున్నాడు. లైను బిజీ.

షారోన్ ఆప్రాన్ విప్పి మేకుకు తగిలించింది. అరలోంచి అదే కొలతలో ఉన్న, అసలైన ష గుర్తున్న తన పిన్ను ఒకటి తీసింది. పానాల సంచి భుజాన వేసుకుంది.

“జీపు తీయుండ్రి సార్,” అంది. “నా పేరు మోస్తున్న ఆ ఇనుమును నా చేతులతోని నేనే ఇప్పుత.”